చప్పట్ల వీధి

ఇంటి నుంచి, కుట్టు మిషను పక్కన కూర్చుని
ఎండలు ముదిరిన వారం

పిట్టా,

స్టేడియం వచ్చాక వీధి ఎలా ఉందని అడిగావు. ఉంది, సగం ఉంది. మిల్లూ, మిల్లు గోడ పక్కనున్న ఇళ్ల వరసా పోయాయి. మన పాత ఇల్లున్న చోట ఇప్పుడు తూర్పు గ్యాలరీ లేచింది. ఎదురు వరస ఎలాగో మిగిలింది కాబట్టి మనం రోడ్డు దాటి ఇటు అద్దెకు వచ్చాం. సామానుకి బండి కూడా అక్కర్లేకపోయింది. మీ అన్నయ్య మంచం నెత్తిన పెట్టుకుని దాటేశారు, వెనకాల అత్తయ్య దిండు పట్టుకుని.

ఆట ఉన్న రోజు మన ఇంటికి మనం రావాలన్నా మెడలో స్టేడియం వాళ్లిచ్చిన బిళ్ల ఉండాలి. మొన్న కూరగాయల సంచితో వస్తుంటే గేటు మనిషి ఆపి "ఎవరి తాలూకా?" అన్నాడు. "ఈ వీధి తాలూకానే నాయనా, నువ్వెవరి తాలూకా?" అన్నాను. పాపం, వాడు పక్కకి తప్పుకున్నాడు. గోల మొదలైతే కిటికీ అద్దాలు గజగజలాడతాయి. మధ్యాహ్నం టీ తాగే వేళకే గ్యాలరీ నీడ మన గుమ్మంలోకి వచ్చేస్తుంది. బట్టలు ఆరవు. లోపల మాత్రం గడ్డికి ఎండ చాలడం లేదని చక్రాల మీద నడిచే పెద్ద పెద్ద లైట్లు పెట్టి వేడి చూపిస్తున్నారు. ఆ లైట్లు తోసేది మీ అన్నయ్యే. పార్కులో మొక్కలకు నీళ్లు పెట్టుకునే మనిషికి గడ్డి పనిలో మంచి జీతమే ఇస్తున్నారు. నాకూ పని పెరిగింది, అబద్ధమెందుకు. జట్టు చొక్కాలకు చేతులు కుట్టి కుట్టి కలలో కూడా పసుపు రంగే కనిపిస్తోంది.

ఒక్క సంగతి రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. మీ వీధి వాళ్ల చప్పట్ల సంగతి నీకు నేను చెప్పేదేముంది! పెళ్లయిన కొత్తలో సాయంత్రం కాగానే ప్రతి గుమ్మంలో ఒకావిడ నిలబడి చప్పట్లు కొడుతుంటే, కొత్తకోడల్ని చూసి మెచ్చుకుంటున్నారనుకుని తల వంచి నవ్వాను. మిల్లు హోరులో గొంతులు వినబడవు, చప్పట్లయితే చీల్చుకుని వస్తాయి, పిల్లల్ని ఇంటికి పిలవడానికి ఒక్కో ఇంటికి ఒక్కో వరస ఉంటుంది అని అత్తయ్య చెప్పేదాకా నాకేం తెలుసు. ఆవిడ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నవ్వుతారు.

మిల్లు మూతపడ్డప్పుడే ఆ అలవాటు పోయింది. మొన్న ఆట లేని రోజు, నీడ పడే వేళ, ఖాళీ స్టేడియంలోంచి చప్పట్లు వచ్చాయి. జనం కొట్టినట్టు కాదు. ఒక మనిషి కొట్టినట్టు. కాసేపాగి మళ్లీ అదే వరస. మైకులు సరిచూసుకుంటున్నారేమో అన్నాను. అత్తయ్య చేతిలో గ్లాసు కింద పెట్టి, "ఎవర్నో పిలుస్తున్నారమ్మాయ్" అన్నారు.

నువ్వు చెవుల ఆసుపత్రిలో పనిచేస్తున్నావుగా, నువ్వే చెప్పాలి దీని సంగతి. ఫోన్ చేస్తే ఎలాగూ ఎత్తవు.

మీ వదిన

*

హాస్టలు గది నుంచి
మొదటి వాన పడిన రోజు

వదినకు,

రోజంతా జనం చెవుల్లోకి కీచుమనే చప్పుళ్లు పంపి, వినబడిందా వినబడిందా అని అడిగి అడిగి, గదికొచ్చాక ఫోన్ మోగితే గోడకేసి కొట్టాలనిపిస్తుంది. అందుకే ఉత్తరాలు. తిట్టకు.

నీ చప్పట్లకి మందు నా దగ్గరుంది. అంత పెద్ద గిన్నెలాంటి కట్టడం ఖాళీగా ఉంటే ఏ మూలన రేకు కొట్టుకున్నా చప్పుడు తిరిగి తిరిగి వస్తుంది. దేన్ని వింటే దానికి మనకు తెలిసిన పేరు పెట్టుకోవడం చెవికి అలవాటు. మా పరీక్ష గదిలో నేను ఏ మోతా పంపకపోయినా కొందరు చెయ్యెత్తుతారు. "వినబడింది" అంటారు, ఒట్టు పెట్టి మరీ.

అమ్మకి ఈ మాట చెప్పు. చెబితే ఏమంటుందో కూడా నాకు తెలుసు, "చదువుకున్నదానివి, నీకేం వినబడుతుందిలే" అంటుంది.

నీ ఉత్తరం చదివాక నాకు అమ్మ వరస గుర్తొచ్చింది. రెండు వెంటవెంటనే, ఆగి, బోలుగా ఒకటి. ఆ మూడోదాని కోసం ఊపిరి బిగబట్టేవాళ్లం. అది పడిందా, గోళీలు గోళీల చోట, బొమ్మ బొమ్మ చోట. "పిలిస్తే నోటితో పలక్కండి, కాళ్లతో పలకండి" అనేది. చెప్పులు వేసుకోవడానికి ఆగినా ఊరుకునేది కాదు. అన్నయ్య ఒకసారి ఎవరింట్లోనో సగం స్నానంలో ఉండి వచ్చేశాడు, నురగతో. అడుగు, ఒప్పుకోడు.

అమ్మని నా దగ్గరికి పంపవా? ఈ ఊళ్లో ఎండ బాగా కాస్తుంది.

నీ పిట్ట

*

ఇంటి నుంచి
ముసురు పట్టిన రోజుల్లో

పిట్టా,

నురగ సంగతి అడిగాను. "అది వేరే అబ్బాయి" అన్నారు మీ అన్నయ్య, చెవులు ఎర్రగా చేసుకుని.

అత్తయ్య రానన్నారు. కారణం చివర్లో రాస్తా. ముందు వాచీల బాబాయి సంగతి. మనకు రెండిళ్ల అవతల, మెట్ల కింద కొట్లో వాచీలు బాగుచేసేవాడే, ఆయన. పోయిన వారం నీడ పడే వేళ మళ్లీ చప్పట్లు వచ్చాయి. నేను ఆయన కొట్టు ముందే ఉన్నా, నా వాచీ విప్పి లోపలికి చూస్తున్నాడు. కంటికి పెట్టుకున్న అద్దం తీసి బల్ల మీద పెట్టి లేచాడు. "బాబాయ్, వాచీ?" అన్నాను. నాకేసి చూసి, చిన్నపిల్లాడిలా, "మళ్లీ వస్తా, అమ్మ పిలుస్తోంది" అన్నాడు. అరవై దాటిన మనిషి. స్టేడియం వైపు చిన్న గేటు తీసే ఉంది. వెళ్లిపోయాడు.

రాలేదు. చెప్పులు కొట్టు మెట్టు మీదే ఉన్నాయి.

ఎవరికీ అనుమానం కూడా రాలేదు, చూడు. స్టేడియం వాళ్లు కార్లు పెట్టుకోవడానికి మన వరస ఇళ్లు కూడా కొంటున్నారుగా, డబ్బు తీసుకుని చెప్పా పెట్టకుండా పోయుంటాడని అందరూ తేల్చేశారు. అంతకుముందు పై ఇంటి టీచరమ్మ కనబడకుండా పోయినప్పుడూ ఇదే మాట. ఆవిడ చెప్పులూ గుమ్మంలోనే ఉన్నాయని నేనంటే, "కొత్తవి కొనుక్కుని ఉంటుంది, డబ్బొచ్చిందిగా" అన్నారు.

మీ అన్నయ్య అసలే మాట్లాడని మనిషి, ఆ రాత్రి అన్నం దగ్గర ఆయనే మొదలుపెట్టారు. గ్యాలరీలో కుర్చీలు, మనం లేవగానే వాటంతట అవే మడుచుకునే రకం. ఖాళీగా ఉంటే అన్నీ మడిచే ఉంటాయి. రెండు మాత్రం దిగి ఉన్నాయట. స్ప్రింగు పోయిందేమోనని చేత్తో ఎత్తబోతే లేవలేదట. పైగా వెచ్చగా ఉన్నాయట. "ఎక్కడున్నాయవి?" అన్నారు అత్తయ్య. ఆయన కంచంలో వేలితో గీసి చూపించారు. ఒకటి సరిగ్గా వాచీల బాబాయి వాళ్ల పాత ఇల్లున్న చోట. రెండోది టీచరమ్మ వాళ్లది.

"ఆ పిలుపు బాబాయి తల్లిదే. మూడు గబగబా, చివరిది నీరసంగా. నాకు తెలియదా ఆవిడ చెయ్యి?" అన్నారు అత్తయ్య. "పోయిన మనిషి ఎలా పిలుస్తుంది అత్తయ్యా" అంటే, "ఆవిడ ఉన్నప్పుడు కూడా ఎవరి మాటా వినేది కాదులే" అని నవ్వేశారు. తర్వాత నవ్వలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటూ అన్నారు, "నేనుండగా నా పిల్లల్ని ఎవరూ పిలవలేరు. నా చేతులు నా దగ్గరే ఉన్నాయి. నేను ఇక్కణ్ణించి కదిలితే వాడెవరి పిలుపు విని ఇంటికొస్తాడు?"

అదీ కారణం. నాకు భయంగా ఉంది పిట్టా. నేను వేరే ఊరి పిల్లని, నాకు ఏ వరసా లేదు, నన్నెవరూ పిలవరు. పిలుపున్న వాళ్ల మధ్య కూర్చుని వాళ్లని కాపలా కాస్తున్నా.

వదిన

*

హాస్టలు గది నుంచి
అదే నెల చివర

వదినా,

అన్నయ్యని ఆ పని మానేయమను. పార్కులు ఇంకా ఉన్నాయి ఊళ్లో. కుర్చీల స్ప్రింగులు కొత్తల్లో బిగుసుకుపోతాయి, ఎండకి వేడెక్కుతాయి, ఇవన్నీ నేను చెప్పగలను. రెండు కుర్చీలూ ఆ రెండిళ్ల చోటే ఎందుకున్నాయో చెప్పలేను.

బాబాయి చెప్పుల్ని అక్కణ్ణించి తీయించు. నాకు కళ్లముందు అవే కనిపిస్తున్నాయి.

అమ్మకి ఆ పాత దగ్గు తగ్గిందా? నువ్వు రాయలేదు. నువ్వు రాయలేదంటే తగ్గలేదని అర్థం.

పిట్ట

*

ఇంటి నుంచి
నువ్వు వచ్చి వెళ్లిన నెలకి

పిట్టా,

అత్తయ్య మంచం ఖాళీ చేయడానికి చేతులు రావడం లేదు. దుప్పటి మడత కూడా విప్పలేదు. నిన్న మిషను మీద కూర్చుని "అత్తయ్యా, ఈ దారం రంగు సరిపోయిందా" అని అడిగేశాను. అడిగాక ఏడ్చాను, చొక్కా మీద పడకుండా పక్కకి తిరిగి. కస్టమర్లది కదా.

స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు అమ్మ వరస నాకు వినబడితే ఏం చెయ్యాలి వదినా" అన్నావు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నా. నీకు చెప్పని విషయం ఒకటుంది. చివరి రోజుల్లో అత్తయ్య నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని తన వరస నేర్పారు. రెండు వెంటవెంటనే బాగానే పడ్డాయి. మూడోది రాదే! "చెయ్యి దోసిలిలా పట్టమ్మాయ్, గాలి బయటికి పోనివ్వకు" అని నా చేతులు తన చేతుల్లో పెట్టుకుని కొట్టించారు. ఎన్నిసార్లని! "ఈ వరస ఇంటిది, నాది కాదు. మా అత్తగారు నాకిచ్చింది. నేను పోయేలోగా నీ చేతికి రావాలి. బతికున్న చేతిలో ఉన్నంతకాలం అవతలి వాళ్ల చేతికి పోదు" అన్నారు. ఆవిడ నమ్మకం అది. మనిషి ఊపిరాడక నేర్పుతుంటే కాదనగలనా?

మొన్న మీ అన్నయ్య పని నుంచి వేళకి రాలేదు. నీడ వీధంతా కమ్మేసింది. మేడ మీదికెళ్లి, సిగ్గు విడిచి, అత్తయ్య చెప్పినట్టు కొట్టాను. మూడోది పడింది పిట్టా! ఆవిడ కొట్టినట్టే పడింది. కాసేపటికి చిన్న గేటులోంచి మీ అన్నయ్య వచ్చారు, వట్టి కాళ్లతో, బూట్లు చేత్తో పట్టుకుని. "లైటు చక్రం ఇరుక్కుంది, అందుకే ఆలస్యం. నువ్వేనా పిలిచింది? అచ్చం అమ్మ లాగే ఉంది" అన్నారు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చాం.

అందుకని నా జవాబు ఇది. ఆ వరస ఇప్పుడు నా చేతిలో ఉంది. నీకెప్పుడైనా, ఎక్కడైనా వినబడితే భయపడకు. వదిన పిలుస్తోందనుకో.

నీ వదిన

*

ఆసుపత్రి నుంచి, పేషెంట్లు లేని వేళ
చలి మొదలైంది

వదినా,

నీ ఉత్తరం సంచిలోనే పెట్టుకుని తిరుగుతున్నా.

మా పరీక్ష గది గురించి నీకు తెలుసుగా. మందపాటి తలుపు వేస్తే బయట బ్యాండుమేళం వెళ్లినా లోపల తెలియదు. నిన్న ఆ గదిలో ఒక్కదాన్నే ఉండి బల్ల తుడుస్తున్నాను. యంత్రం ఆపేసి ఉంది. తలుపు వేసి ఉంది. రెండు వెంటవెంటనే. గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. ఊపిరి బిగబట్టాను, చిన్నప్పుడు పట్టినట్టే. మూడోది పడింది.

ఒక కాలు చెప్పులోంచి బయటికి తీశాక గానీ ఏం చేస్తున్నానో తెలియలేదు. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. వదిన, మేడ మీద, సిగ్గు విడిచి. నవ్వొచ్చింది. భయం పోయింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాకు ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

ఇంత దూరానికి చప్పట్లు వినబడవని నాకు తెలియక కాదు. నలుగురికీ అలాంటి మాటలు చెప్పేదాన్ని నేనే. అయినా చెబుతున్నా, నాకు వినబడింది. రోజూ కొడుతున్నావా? ఈ రోజు కూడా వినబడితే బాగుండునని అప్పుడప్పుడు తలుపు వేసుకుని కూర్చుంటున్నాను. కొట్టు వదినా, మానకు.

పిట్ట

*

ఇంటి నుంచి, ఎడమచేత్తో
నీ ఉత్తరం అందిన రోజే

పిట్టా,

రాత కోడి కెలికినట్టుంది, ఎలాగోలా కూడబలుక్కుని చదువు. ఇప్పటిదాకా ఫోన్ చేస్తూనే ఉన్నా. మోగి మోగి ఆగిపోతోంది. నీకు ఫోన్ ఎత్తే అలవాటు ఎప్పుడుంది గనక! త్వరగా అందే పోస్టులో పంపుతున్నా.

నేను కొట్టలేదమ్మా. నీకు ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే మిషను సూది నా కుడి అరచేతిలో దిగింది. మోటారు ఆపేలోగా లోపలే విరిగింది. డాక్టరు కోసి తీసి, మణికట్టు దాకా కట్టు కట్టాడు. చిన్న దెబ్బకి నిన్ను కంగారు పెట్టడమెందుకని రాయలేదు. మేడ మీద ఆ ఒక్క రోజే, ఒక్కసారే కొట్టాను. ఆ తర్వాత ఈ చేతులు ఒకదానికొకటి తగల్లేదు. నువ్వు విన్నది నన్ను కాదు.

అత్తయ్య మాట నిలవలేదు పిట్టా. బతికున్న చేతిలో ఉంటే చాలనుకున్నారు. నా చెయ్యి పని చేయదని ఎవరికి తెలిసిందో, ఎలా తెలిసిందో.

నిన్న మీ అన్నయ్య ఒళ్లంతా చెమటతో ఇంటికొచ్చారు. పని చేస్తుండగా గ్యాలరీలోంచి మన వరస వినబడిందట. నేనే పైకొచ్చి పిలుస్తున్నాననుకుని బూట్లు విప్పి మెట్లెక్కారట. దిగి ఉన్న కుర్చీలు ఇప్పుడు రెండు కాదు, వరస వరసంతా ఉన్నాయట. మన పాత ఇల్లున్న చోట రెండు కుర్చీలు పక్కపక్కనే దిగి ఉన్నాయట, మనకోసం తుడిచి పెట్టినట్టు. కూర్చోబోయి, "దానికి చేతికి కట్టుందిగా, ఎలా కొట్టింది?" అనుకున్నారట. ఆ కట్టు గుర్తు రాకపోతే కూర్చునేవాణ్ణే అన్నారు. వెనక్కి తిరిగి పరిగెత్తుకొచ్చారు. ఇక ఆ పనికి వెళ్లరు. రెండు రోజుల్లో ఈ ఇల్లు వదిలి మా అమ్మావాళ్ల ఊరు పోతున్నాం.

రెండు కుర్చీల్లో ఒకటి ఆయనకి. రెండోది ఎవరికో నీ ఉత్తరం చదివాక నాకు తెలిసింది.

నువ్వు రాకు. ఏం విన్నా రాకు. ఆ గదిలోకి వెళ్లకు, తలుపు వేసుకోకు. నలుగురి మధ్య కూర్చో, పాటలు పెట్టుకో. వదిన పిలుస్తోందనుకోమని రాసిన నా చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది, అదేమో ముందే కట్టులో ఉంది. ఆ ఉత్తరం చింపెయ్. నేను నిన్ను ఎప్పటికీ చప్పట్లు కొట్టి పిలవను. పేరు పెట్టి పిలుస్తా. పేరు పెట్టి పిలిస్తేనే రా.

వదిన

*

రైలు నుంచి
అదే రోజు

వదినా,

ఎంతసేపు కొడతావు తల్లీ, చేతులు నొప్పెట్టవూ? నిన్నంతా వినబడుతూనే ఉంది, గదిలో, రోడ్డు మీద, బస్సులో. ఇక కూర్చోలేకపోయాను. వస్తున్నా, వచ్చేస్తున్నా. దారిలో బండి ఆగిన చోట ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను. నీకు అందేసరికి నీ ఎదురుగానే ఉంటానేమో, ఇద్దరం కలిసి చదువుకుందాం.

స్టేషన్‌కి ఎవరూ రానక్కర్లేదు. నాకు దారి తెలియదా? మిల్లు గోడ పక్క సందులోంచి వస్తే దగ్గర. నీడ పడే వేళకి మన గుమ్మంలో ఉంటాను. నా పక్కన అన్నయ్యని కూర్చోమను, ఇద్దరికీ కలిపి అన్నం పెట్టమను అమ్మని.

ఫోను ఎక్కడ పెట్టానో గుర్తులేదు. సంచి కూడా తేలేదు. నా ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఇందాకణ్ణించి నా కాళ్లకేసే చూస్తోంది, ఏమిటా అని నేనూ చూసుకున్నాను. చెప్పులు లేవు.

పిట్ట